మేత ఆగిన గంటల్లో కోడి పేగుకు ఏమవుతుంది?

ఆంధ్ర-ఒడిశా సరిహద్దులో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ చుట్టుపక్కల బ్రాయిలర్ ఫారాల్లో కోళ్లు ఎత్తే రాత్రి ఒక వాదన దాదాపు తప్పదు. మేత ఎప్పుడు తీశారన్నదే ఆ వాదన. కాటా మీద కోడి బరువుగా తూగాలని రైతు చివరిదాకా దాణా ఉంచాలనుకుంటాడు. కడుపు నిండిన కోడిని కొంటే దాణాకు కూడా కోడి ధర కట్టినట్టేనని వ్యాపారి ముందే తీయించమంటాడు. ఇద్దరి లెక్కా బరువు గురించే. ఆ గంటల్లో కోడి పేగు ఏమవుతుందో ఎవరూ అడగరు. నిజానికి మొదట అడగాల్సింది అదే. మేత ఆగగానే కోడి ఒంట్లో అన్నిటికంటే ముందు దెబ్బ తగిలేది పేగుకే.

ఎందుకు పేగుకే అన్నది అర్థం కావాలంటే దాని తిండి సంగతి తెలియాలి. బ్రాయిలర్ ఒంటి బరువులో జీర్ణనాళం వాటా సుమారు 5 శాతం. అంత చిన్న భాగమే శరీరం వాడుకునే శక్తిలోనూ, రోజూ కొత్తగా తయారయ్యే మాంసకృత్తుల్లోనూ దాదాపు ఐదో వంతు తీసుకుంటుంది. చిన్నపేగు లోపలి గోడ మీద మఖమలు గుడ్డ మీది నూగులా సన్నటి చూషకాలు నిండి ఉంటాయి. పెరిగిన కోడి ఆంత్రమూలంలో, అంటే చిన్నపేగు మొదటి భాగంలో, ఒక్కొక్కటి మిల్లీమీటరు నుంచి మిల్లీమీటరున్నర ఎత్తుంటుంది. జీర్ణమైన మేతను పీల్చుకునేది ఇవే. చూషకం పైన ఒకే ఒక్క వరుస కణాలు కప్పి ఉంటాయి. ఆ కణాలు చూషకాల అడుగున ఉన్న గుంతల్లో పుట్టి, మెల్లగా పైకి జరిగి, మూడు నాలుగు రోజుల్లో కొసకు చేరి రాలిపోతాయి. అంటే ఈ రోజు పేగులో పని చేస్తున్న పొర వచ్చే వారానికి ఉండదు. దాని స్థానంలో కొత్త పొర వచ్చి ఉండాలి.

ఈ కణాలు తమకు కావలసిన పోషకాలను రక్తం నుంచి కొంతే తీసుకుంటాయి. ఎక్కువ భాగం కళ్లెదుట పారుతున్న మేత నుంచే నేరుగా అందుకుంటాయి. గ్లుటమేట్, గ్లుటమిన్ వంటి ఆమైనో ఆమ్లాలు వాటికి ప్రధానమైన ఇంధనం. అందుకే మేత ఆగినప్పుడు కండరాలకు, గుండెకు కాలేయం కొంతసేపు సర్దుబాటు చేయగలిగినా, పేగు గోడ మాత్రం మొదటి పూటే పస్తుంటుంది. గుంతల్లో కొత్త కణాల పుట్టుక తగ్గుతుంది. కొసన రాలడం మాత్రం ఆగదు. చూషకం పొట్టిబారేది ఇలాగే.

గంటల వారీగా చూస్తే వరుస స్పష్టంగానే ఉంటుంది. దాణా తీశాక మొదటి నాలుగు నుంచి ఆరు గంటల్లో మెడ కింది మేత సంచి, కందనకాయ, చిన్నపేగు చాలావరకు ఖాళీ అవుతాయి. కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ కూడా దాదాపు అదే సమయానికి అడుగంటుతుంది. ఇక్కడి వరకు తగ్గే బరువులో ఎక్కువ భాగం లోపలి మేత, రెట్ట. ఆ తరువాత గంటకు ఒంటి బరువులో పావు నుంచి అర శాతం చొప్పున తగ్గేది కోడి సొంత బరువు. రెండు కిలోల కోడికి అది గంటకు 5 నుంచి 10 గ్రాములు. వెయ్యి కోళ్ల లోడులో పది గంటలు అలా గడిస్తే 50 నుంచి 100 కిలోలు కరిగిపోయినట్టే. ఫారం దగ్గర మేత సంచిలోని గుప్పెడు దాణా కోసం గొడవపడేవారు, ఇంత బరువు దారిలో పోతుంటే పట్టించుకోకపోవడం విచిత్రం.

కోయడానికి ముందు 8 నుంచి 12 గంటల పాటు మేత ఆపాలన్నది ప్రపంచమంతటా కోళ్ల పరిశ్రమ ఒప్పుకున్న లెక్క. ఎనిమిది గంటల లోపే కోస్తే పేగు పూర్తిగా ఖాళీ అయి ఉండదు. కత్తి తగిలి పగిలితే మాంసమంతా మలం అంటుకుంటుంది. పన్నెండు దాటితే పేగు ఖాళీగానే ఉన్నా వేరే ముప్పు మొదలవుతుంది. మేత రాకపోవడంతో పిత్తాశయం పైత్యరసంతో ఉబ్బుతుంది. ఆ రసం పేగులోకి, అక్కడి నుంచి వెనక్కి కందనకాయలోకి కూడా వస్తుంది. పేగు లోపలి పొర, శ్లేష్మం ఊడి రావడం మొదలవుతుంది. గోడ బలహీనపడి, లాగితే తెగుతుంది.

చూసేవారికి ఇది కనిపిస్తుంది కూడా. సాయంత్రం దాకా దుకాణంలో మిగిలిపోయిన కోడిని కోసినప్పుడు కందనకాయ చీలిస్తే లోపలి పసుపు పొర ఆకుపచ్చగా మారి ఉంటుంది. పిత్తాశయం బొటనవేలంత లావుంటుంది. పేగు గాలి పట్టి, కాగితమంత పలచగా, లోపల మేతకు బదులు జిగురు నీళ్లతో ఉంటుంది. వేళ్లతో లాగితే మధ్యలోనే పుటుక్కున తెగుతుంది. క్రేటు అడుగున రెట్ట ఉండదు. తెల్లటి సున్నంలాంటి మరకలు, మధ్య మధ్య పచ్చటి జిగట మాత్రమే ఉంటాయి. ఈ గుర్తులు కొనేవారికీ తెలియడం మంచిది. అది రోగం వచ్చిన కోడి కాకపోవచ్చు, కానీ పన్నెండు గంటల హద్దు ఎప్పుడో దాటి ఉంటుంది.

ఇంకాస్త ముందుకు, ఒక పగలూ రాత్రీ మేత లేకుండా పోతే నష్టం చూషకాల ఎత్తుతో ఆగదు. పేగు పొరలో పక్కపక్క కణాలను కలిపి ఉంచే అతుకులు సడలుతాయి. లోపల ఉండాల్సిన బాక్టీరియా, వాటి విషాలు రక్తంలోకి జారి కాలేయానికి చేరతాయి. ఇది ఎంత ఖాయంగా జరుగుతుందంటే, పేగు కారడం గురించి పరిశోధించేవారు బ్రాయిలర్లలో ఆ స్థితిని తెప్పించడానికి వాడే పద్ధతుల్లో 24 గంటలు మేత ఆపడం ఒకటి.

మేత సంచిలో జరిగేది దీనికి తోడు. మామూలుగా అక్కడ లాక్టోబాసిల్లస్ జాతి బాక్టీరియా మేతలోని చక్కెరలను పులియబెట్టి ఆమ్లం తయారుచేస్తుంది. ఆ పులుపులో సాల్మొనెల్లా వంటివి పెద్దగా బతకలేవు. మేత ఆగితే లాక్టోబాసిల్లస్‌కు తిండి ఉండదు, ఆమ్లం తగ్గుతుంది, పులుపు విరుగుతుంది. సరిగ్గా అప్పుడే ఆకలిగొన్న కోడి కింద ఉన్న ఊకను, రెట్టను పొడుచుకు తింటుంది. కాపలా లేని ఇంట్లోకి ముక్కుతో ఏరి మరీ సాల్మొనెల్లాను, కాంపైలోబాక్టర్‌ను తెచ్చుకున్నట్టవుతుంది. మనుషుల కడుపులో కలత పెట్టే క్రిములు ఇవే కాబట్టి, కోడి ఆకలి వంటింటి సమస్య కూడా.

సరిహద్దు జిల్లాల్లో ఈ గంటలు ఎలా పోగవుతాయో చూడాలి. సాయంత్రం 6 గంటలకు ఫారంలో ఫీడర్లు పైకి ఎత్తుతారనుకుందాం. పట్టి, క్రేట్లకు ఎక్కించేసరికి రాత్రి 11. శ్రీకాకుళం, పార్వతీపురం వైపు నుంచి కొండ దారుల్లో బండి నడిచి, రెండు మూడు ఊళ్లలో దించుకుంటూ దుకాణం చేరేసరికి తెల్లవారి 5. ఉదయం అమ్ముడైన కోడి పన్నెండు, పదమూడు గంటల లోపు తెగుతుంది, దానితో పెద్దగా ఇబ్బంది లేదు. అమ్ముడుపోనిది సాయంత్రం 6 దాకా జాలీలోనే ఉంటే 24 గంటలు పూర్తవుతాయి. రైతును అడిగితే అయిదు గంటలే అంటాడు. బండివాడు ఆరు గంటలంటాడు. దుకాణదారు పొద్దుటే వచ్చిన తాజా కోడి అంటాడు. ముగ్గురూ తమ వరకు నిజమే చెబుతారు. పేగు మాత్రం ముగ్గురి గంటలనూ కలిపి లెక్కవేసుకుంటుంది.

దీన్ని సరిచేయడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. లోడు చీటీ మీద కోళ్ల సంఖ్య, బరువు, బండి నంబరుతో పాటు ఫీడర్లు ఎత్తిన సమయం కూడా రాస్తే చాలు. సాయంత్రం 6 అని రాసి ఉంటే, మర్నాటి ఉదయం అమ్మకం తగ్గాక మిగిలిన కోళ్లకు నీళ్లు, కొంచెం మేత వేయాల్సిన వేళ వచ్చిందని దుకాణదారుకు తెలుస్తుంది. నీటి సంగతి విడిగా గట్టిగా చెప్పాలి. మేత తీసేటప్పుడే నీళ్లు కూడా తీసేయడం చాలాచోట్ల అలవాటు. నీళ్లు లేకపోతే మేత సంచిలోని పొడి దాణా కిందికి దిగదు. పేగు ఖాళీ కావాలనే మేత తీసినవారు, ఖాళీ కాకుండా తామే అడ్డుపడినట్టవుతుంది. కోళ్లను పట్టడం మొదలుపెట్టే నిమిషం దాకా డ్రింకర్లలో నీళ్లుండాలి.

పెద్ద కోడికి ఇదంతా కొన్ని గంటల సమస్య. కొన్ని గంటల తరువాత అది కత్తి కిందికే వెళుతుంది. అదే గంటలు కోడిపిల్ల జీవితంలో మొదట్లో పడితే లెక్క పూర్తిగా వేరు, అసలు శ్రద్ధ పెట్టాల్సింది అక్కడే.

కోస్తా ఆంధ్ర హేచరీల నుంచి రాయగడ, కోరాపుట్ వైపు పిల్లల పెట్టెలు రాత్రిళ్లు బయలుదేరతాయి. ఇంక్యుబేటర్‌లో పిల్లలన్నీ ఒకేసారి గుడ్డు పగలగొట్టవు. మొదటి పిల్లకూ చివరి పిల్లకూ మధ్య 24 నుంచి 36 గంటల తేడా ఉండటం మామూలు. అన్నీ వచ్చాకే ట్రేలు బయటికి తీస్తారు. ఆపైన ఏరడం, టీకాలు, పెట్టెల్లో సర్దడం, ప్రయాణం. ముందుగా పుట్టిన పిల్ల షెడ్డులో మొదటి గింజ చూసేసరికి రెండు రోజులు గడిచిపోయి ఉండవచ్చు. పెట్టెలో అన్నీ ఒకే వయసు పిల్లల్లా కనిపిస్తాయి కాబట్టి ఈ తేడా పైకి తెలియదు. కాళ్లు చూస్తే తెలుస్తుంది. ఆలస్యమైన పిల్ల పిక్కల మీది చర్మం ముడతలు పడి, నరాలు తేలి ఉంటాయి.

పిల్ల కడుపులో పచ్చసొన మిగిలి ఉంటుంది కదా, రెండు మూడు రోజులు దానితో గడుస్తుందని ఒక నమ్మకం ఉంది. ప్రాణం నిలవడం వరకు అది నిజం. పేగు పెరుగుదలకు మాత్రం ఆ సొన చాలదు. మొదటి వారంలో పిల్ల ఒళ్లు పెరిగే వేగం కంటే చిన్నపేగు పెరిగే వేగం ఎక్కువ. చూషకాలు ఎదగడం, గుంతలు ఏర్పడటం, శ్లేష్మం చేసే కణాలు సిద్ధం కావడం, పేగుకు సంబంధించిన రోగనిరోధక కణజాలం మేలుకోవడం అన్నీ ఆ కొద్ది రోజుల్లోనే జరుగుతాయి. వీటిని ముందుకు నడిపేది పేగులోకి దిగిన మేతే. ఇజ్రాయెల్‌లో జరిగిన పరిశోధనలు ఇంకో సంగతి కూడా చూపించాయి. వెంటనే మేత తిన్న పిల్లలు పచ్చసొనను పస్తున్న పిల్లల కంటే తొందరగా వాడుకున్నాయి. మేత దిగాక పేగులో పుట్టే కదలిక సొనను పేగులోకి లాగుతుంది. సొన ఉంది కాబట్టి మేత ఆలస్యమైనా ఫరవాలేదన్న మాటకు ఇది సూటి జవాబు. మేత పడితేనే ఆ సొన కూడా సరిగా అక్కరకొస్తుంది.

మొదటి రెండు రోజులు పస్తున్న పిల్లల్లో చూషకాల ఎదుగుదల మందగిస్తుంది. ఆంత్రమూలం కంటే దాని తరువాతి భాగమైన జెజునంలో ఈ వెనుకబాటు ఎక్కువగా కనిపిస్తుంది. పేగు తరువాత కోలుకోవచ్చు కానీ ఆ తొలి వారంలో పోయిన బరువు చాలా మందల్లో అమ్మే రోజు దాకా వెంట వస్తుంది. వారం తిరిగేసరికి ఊకలో కాక్సిడియోసిస్ అనే పేగు రోగపు క్రిములు, క్లాస్ట్రీడియం అనే బాక్టీరియా ఎదురుచూస్తుంటాయి. పేగు తయారుగా లేని పిల్లలకే అవి ముందు తగులుతాయి.

పిల్లలు దిగగానే బెల్లం నీళ్లు పెట్టి, మేత తరువాత వేద్దామని రెండు మూడు గంటలు ఆగే అలవాటు మన ఫారాల్లో బలంగా ఉంది. బెల్లం నీళ్లు నీరసం తీరుస్తాయి. పేగు గోడకు కావలసిన మాంసకృత్తులు అందులో లేవు. ప్రయాణం దూరమైనప్పుడు నీళ్లూ మేతా ఒకేసారి అందుబాటులో ఉంచడమే మంచిది. కాగితాలు పరిచి వాటి మీద దాణా చల్లితే, నడిచినప్పుడు వచ్చే చప్పుడుకే పిల్లలు పొడవడం మొదలుపెడతాయి. ఎనిమిది గంటల తరువాత షెడ్డు నాలుగు మూలల నుంచీ కొన్ని పిల్లలను చేతిలోకి తీసుకుని మెడ కింద వేలితో మెత్తగా తడిమి చూడాలి. మేత సంచి మెత్తటి గంజిలా తగిలితే మేత, నీళ్లు రెండూ దిగినట్టు. గింజ గట్టిగా తగిలితే నీళ్లు దొరకనట్టు. నీటి బుడగలా తగిలితే మేత దొరకనట్టు. ఎనిమిది గంటలకు నూటికి 80, మర్నాటికి 95 పిల్లల్లో సంచి సరిగా నిండి ఉండాలి. బ్యాచ్ మొత్తంలో ఇంతకంటే విలువైన పరీక్ష మరొకటి లేదు, దీనికి వేళ్లు తప్ప మరేమీ అక్కర్లేదు.

ఎండాకాలం మేత ఆపడం ఇంకో రకం. మేత అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది. తిన్న నాలుగు నుంచి ఆరు గంటలకు అది ఎక్కువవుతుంది. అందుకే ఏప్రిల్, మే నెలల్లో ఉదయం 10 నుంచి సాయంత్రం 4, 5 దాకా ఫీడర్లు ఎత్తేస్తారు. వడదెబ్బ చావులు తగ్గించడానికి ఇది సరైన పనే, ఆరేడు గంటలు పేగు తట్టుకోగలదు కూడా. చిక్కు రాత్రి దగ్గర వస్తుంది. చీకట్లో కోడి తినదు. మామూలు రోజుల్లో పొద్దుగూకే ముందు మేత సంచి నింపుకుని రాత్రంతా కొద్దికొద్దిగా కిందికి వదులుకుంటుంది కాబట్టి రాత్రి పస్తు దానికి పస్తు కాదు. కానీ సాయంత్రం 5కు ఫీడర్లు దించాక ఆరున్నరకే కరెంటు పోయి రాత్రంతా రాకపోతే, తినడానికి దొరికింది గంటన్నర. తెల్లవారి 5 నుంచి 10 దాకా మళ్లీ కొంచెం. ఎండ వేడికి రక్తమంతా చర్మం వైపు మళ్లి పేగుకు ఎలాగూ తక్కువ అందుతుంది, దాని మీద ఈ ఆకలి. వేసవిలో మేత తీసే ఫారానికి రాత్రి వెలుతురు కోసం ఇన్వర్టరో, జనరేటరో లేకపోతే ఆ పద్ధతి సగమే పాటించినట్టు.

గుడ్ల కోళ్లలో ఒకప్పుడు రోజుల తరబడి మేత ఆపి ఈకలు రాల్పించి, మళ్లీ గుడ్లకు తెచ్చేవారు. అలా పస్తు పెట్టిన కోళ్లు సాల్మొనెల్లా ఎంటరైటిడిస్‌కు ఎంత తేలికగా లొంగుతాయో అమెరికా పరిశోధనలు తేల్చాయి. మన దేశంలో 2011లో భారత జంతు సంక్షేమ మండలి ఈ పద్ధతి 1960 నాటి జంతు హింస నిరోధక చట్టానికి విరుద్ధమని స్పష్టం చేసింది. దీని మీద ఇంకా వాదించడానికేమీ లేదు.

పెరటి కోడి కథ వేరు. గజపతి జిల్లా కొండల్లో సవర ఇళ్ల ముందు తిరిగే నాటు కోడికి మేత వేళలంటూ ఉండవు. పురుగులు, రాలిన చోళ్లు, కడుగు నీళ్లలోని మెతుకులు రోజంతా కొద్దికొద్దిగా దాని పేగులోకి దిగుతూనే ఉంటాయి. పొదుగుకు కూర్చున్న పెట్ట 21 రోజుల పాటు రోజుకు ఒక్కసారి లేచి నాలుగు గింజలు తిని మళ్లీ గూట్లో కూర్చుంటుంది. బరువు తగ్గినా తట్టుకుంటుంది. ఏ రోజూ పేగును పూర్తిగా ఖాళీగా ఉంచకపోవడమే అందులో కిటుకు. బ్రాయిలర్‌కు ఆ ఓర్పు లేదు. ఆరు వారాల్లో రెండు కిలోలు దాటేలా పెంచిన పక్షిలో అన్ని పనులూ తొందరగా జరుగుతాయి, పేగు పాడవడం కూడా.

అయినా ఆ కిటుకు తుపాను రోజుల్లో ఫారాలకు పనికొస్తుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపంలో తీరం దాటి గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. కొండచరియలు పడి, చెట్లు కూలి దారులు మూసుకుపోతే దాణా లారీ రాదు. అలాంటప్పుడు ఉన్న దాణా రెండు రోజులు పూర్తిగా వేసి మూడో రోజు చేతులెత్తేయడం అన్నిటికంటే చెడ్డ దారి. మొదటి రోజు నుంచే సగానికి తగ్గించి, లోటును ఊళ్లో దొరికే నూకలతో, పగలగొట్టిన మొక్కజొన్నతో, చోళ్లతో నింపాలి. వాటిలో మాంసకృత్తులు తక్కువ, బరువు పెరగదు. కానీ పేగులో ఏదో ఒకటి కదులుతూ ఉంటే లోపలి పొర నిలబడుతుంది. ఫీడర్లు చాలినన్ని పెట్టాలి, లేకపోతే బలమైనవే తిని బలహీనమైనవి పూర్తిగా పస్తుంటాయి.

దారి తెరుచుకుని లారీ వచ్చిన రోజు మరో ప్రమాదం ఉంది. ఆకలితో ఉన్న మంద ఫీడర్ల మీద పడి ఒకదాన్నొకటి తొక్కుకుంటుంది, గోళ్లతో వీపులు చీరుకుంటుంది. పొట్టిబారిన చూషకాలు ఒక్కసారిగా వచ్చిన మేతను అరిగించలేవు. అరగని మేత పేగు చివర ఉండే సంచుల్లాంటి అంధనాళాల దాకా వెళ్లి అక్కడి క్లాస్ట్రీడియంకు విందవుతుంది, ఊక తడిసి ముద్దవుతుంది. అందుకని మొదటి రోజు మామూలు మేతలో మూడో వంతుతో మొదలుపెట్టి, అయిదారు విడతలుగా వేయాలి. మంచి దాణా తిరిగి పడితే పేగు వేగంగానే కోలుకుంటుంది. ఆంత్రమూలంలో చూషకాలు ఒక్క రోజులోనే తిరిగి ఎదగడం మొదలుపెడతాయి. షెడ్డులో నడుస్తూ రెట్టను గమనిస్తే చాలు. పచ్చటి జిగట పోయి, గోధుమ రంగు ముద్ద మీద తెల్లటి టోపీతో రెట్ట గట్టిపడిందంటే రెండు మూడు రోజుల్లో పూర్తి మేతకు వెళ్లవచ్చు.